భుజం నొప్పికి నష్టపరిహారం: అమెరికా టీకా గాయాల చట్టం నడిచిన దారి

ఈ పాఠ్యభాగంలో ఒక చిన్న గాయం ఆధారంగా ఒక పెద్ద చట్టం చరిత్రను తెలుసుకుందాం. గాయం భుజానికి సంబంధించింది. టీకా సూది దిగవలసిన చోటు కంటే పైన దిగినప్పుడు భుజం కీలు వాచి, నెలల తరబడి చెయ్యి పైకి లేవని స్థితి ఏర్పడుతుంది. చట్టం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1986లో వచ్చిన జాతీయ బాల్య టీకా గాయాల చట్టం. పేరులోనే ఉన్నట్లు అది పసిపిల్లల కోసం చేసిన చట్టం. ముప్పై ఏళ్లు గడిచేసరికి దాని కింద దాఖలయ్యే అర్జీలలో సగానికి పైగా పెద్దవారి భుజం నొప్పికి సంబంధించినవే అయ్యాయి. అది చూసి ప్రభుత్వమే ఆ గాయాన్ని చట్టం పరిధి నుంచి తప్పించాలని ప్రయత్నించి, చివరకు వెనక్కి తగ్గింది. ఈ మలుపు ఎలా వచ్చిందన్నదే మన ప్రధాన విషయం.

చరిత్ర విద్యార్థికి భుజం నొప్పితో ఏం పని అని మీరు అడగవచ్చు. సమాజం మొత్తం క్షేమంగా ఉండడం కోసం ప్రతి ఒక్కరూ టీకా వేయించుకోవాలని ఆధునిక రాజ్యం కోరుతుంది. లక్షల మందికి దాని వల్ల మేలు జరుగుతుంది. ఎక్కడో ఒకరికి హాని జరుగుతుంది. ఆ ఒక్కరి నష్టాన్ని ఎవరు భరించాలి? పరిహారం అడిగే వ్యక్తి మరొకరి తప్పును నిరూపించి తీరాలా? ఇరవయ్యో శతాబ్దపు సంక్షేమ రాజ్యాలన్నీ ఎదుర్కొన్న ప్రశ్న ఇది. టీకాల వల్ల తీవ్రమైన హాని అరుదు. ఈ పాఠం టీకాల మంచిచెడుల చర్చ కాదు. ఆ అరుదైన హానికి లెక్క చెప్పే బాధ్యత ఎవరిదన్నదే ఇక్కడి చర్చ.

గాయం స్వరూపం

మీ భుజం చివర చేత్తో తడిమి చూడండి. గట్టిగా ఎముక అంచు తగులుతుంది. దానిని అక్రోమియన్ అంటారు. దానికి రెండు మూడు వేళ్ల వెడల్పు దిగువన, కండ దట్టంగా ఉన్న డెల్టాయిడ్ కండరం మధ్యలో టీకా వేయాలి. ఎముక అంచుకూ కండరానికీ మధ్య, కీలు రాపిడి లేకుండా కదలడానికి వీలుగా, బర్సా అనే పలుచని సంచి ఉంటుంది. సూది బాగా పైన గుచ్చితే మందు కండరంలోకి కాక ఆ సంచిలోకి చేరవచ్చు. టీకా పని శరీరంలో రోగనిరోధక ప్రతిస్పందన పుట్టించడం. ఆ ప్రతిస్పందన కండరంలో జరిగితే రెండు రోజులు చెయ్యి సలుపుతుంది, తగ్గిపోతుంది. కీలు దగ్గరి సంచిలో జరిగితే వాపు వదలదు. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు, అటక మీది డబ్బా అందదు, ఆ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర పట్టదు. కొందరికి భుజం పూర్తిగా బిగుసుకుపోతుంది. కొందరికి శస్త్రచికిత్స కూడా అవసరమవుతుంది.

వైద్య సాహిత్యంలో ఇది పాత విషయం కాదు. టీకా తరువాత భుజం పనితీరు దెబ్బతిన్న ఇద్దరు రోగుల వివరాలతో 2007లో ఒక వైద్య పత్రికలో వ్యాసం వెలువడింది. 2010లో మరో వ్యాసం అటువంటి 13 మంది వివరాలను పరిశీలించింది. ఈ రెండో వ్యాసం రాసిన వైద్యులు అమెరికా ప్రభుత్వ నష్టపరిహార కార్యక్రమంలో అర్జీలు పరిశీలించేవారే. తమ బల్లల మీదికి వచ్చిన కాగితాలలో ఒకే రకమైన కథ మళ్లీ మళ్లీ కనిపించడంతో దానికి వారొక పేరు పెట్టారు: టీకా వేయడంలో కలిగిన భుజ గాయం. ఆంగ్ల అక్షరాలతో క్లుప్తంగా దానిని సిర్వా అంటున్నారు. ఆ 13 మందిలో దాదాపు అందరికీ 24 గంటల లోపే నొప్పి మొదలైంది. సూది మరీ పైన వేశారని పలువురు తామే చెప్పారు. 2011లో అమెరికా వైద్య విజ్ఞాన సంస్థ టీకాల దుష్ప్రభావాలపై ఒక సమగ్ర నివేదిక ప్రకటించింది. అనేక ఆరోపణల విషయంలో ఆ నివేదిక సాక్ష్యం చాలదని తేల్చింది. సూది వల్ల భుజం సంచి వాయడం విషయంలో మాత్రం సాక్ష్యం బలంగా ఉందని ఒప్పుకుంది. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి. ముందు ముందు ఇది మనకు అవసరమవుతుంది.

కట్టర్ ఉదంతం నుంచి 1986 దాకా

1955 ఏప్రిల్ 12న జోనస్ సాల్క్ పోలియో టీకా విజయవంతమైందని ప్రకటించారు. అదే రోజు దాని తయారీకి అనుమతులు కూడా ఇచ్చారు. రెండు వారాలు తిరగకుండానే కాలిఫోర్నియాలోని కట్టర్ లేబొరేటరీస్ తయారుచేసిన టీకా వేయించుకున్న పిల్లలకు పక్షవాతం వస్తున్నట్లు బయటపడింది. ఆ సంస్థ టీకాలో కొంత భాగంలో పోలియో వైరస్ చావకుండా మిగిలిపోయింది. టీకా వేయించుకున్న పిల్లలు, వారి నుంచి వ్యాధి సోకినవారు కలిపి సుమారు 200 మంది పక్షవాతానికి గురయ్యారు. 10 మంది మరణించారు.

బాధిత కుటుంబాలు కోర్టుకు వెళ్లాయి. 1958లో జ్యూరీ ఇచ్చిన తీర్పు విచిత్రమైనది. నాటి పరిజ్ఞానం మేరకు కంపెనీ నిర్లక్ష్యం చేయలేదని జ్యూరీ తేల్చింది. అయితే సురక్షితమైన వస్తువును అమ్ముతున్నానన్న హామీని కంపెనీ నిలబెట్టుకోలేదు గనుక డబ్బు చెల్లించాలన్నది. 1960లో పై న్యాయస్థానం దీనిని ఖాయం చేసింది. తప్పు లేకపోయినా బాధ్యత ఉంటుందన్న సూత్రం ఆ విధంగా టీకాల రంగంలో ప్రవేశించింది.

ఈ సూత్రం మనకు అపరిచితం కాదు. మన మోటారు వాహనాల చట్టంలో 1982లో చేర్చిన నిబంధన ప్రకారం, డ్రైవరు తప్పు ఉన్నదీ లేనిదీ తేల్చకుండానే ప్రమాదంలో మరణించినవారి కుటుంబానికి 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యం కలిగినవారికి 7,500 రూపాయలు ఇవ్వాలి. తరువాత ఆ మొత్తాలు పెరిగాయి. బస్సు ప్రమాదాల వార్తలలో మీరు వినే పరిహారం వెనుక ఉన్న ఆలోచనా, ఈ పాఠంలోని ఆలోచనా ఒక తల్లి బిడ్డలే.

ఐరోపా దేశాలు ఇదే సూత్రాన్ని వేరే దారిన చేరుకున్నాయి. పశ్చిమ జర్మనీ ఉన్నత న్యాయస్థానం 1953లో మశూచి టీకా కేసులో ఒక తీర్పు ఇచ్చింది. రాజ్యం నిర్బంధంగా వేయించిన టీకా వల్ల ఒకరు నష్టపోతే, అది సమాజం కోసం చేసిన త్యాగం కాబట్టి రాజ్యమే పరిహారం ఇవ్వాలన్నది. 1961లో అది చట్టమైంది. బ్రిటన్ 1979లో తీవ్ర వైకల్యం కలిగినవారికి 10,000 పౌండ్ల ఏకమొత్తం ఇచ్చే చట్టం చేసింది. అమెరికాలో మాత్రం ఆ త్యాగం అన్న భావన వేళ్లూనలేదు. అక్కడ అంతా కంపెనీ మీద వ్యాజ్యమే.

1976లో స్వైన్ ఫ్లూ భయం పుట్టినప్పుడు ఈ వ్యాజ్యాల భయంతోనే బీమా కంపెనీలు టీకా తయారీదార్లకు బీమా ఇవ్వమన్నాయి. దాంతో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి, దావాలలో ప్రతివాదిగా ప్రభుత్వాన్నే నిలబెట్టింది. నాలుగు కోట్ల మందికి పైగా టీకాలు పడ్డాక, గిలాన్ బారీ అనే నరాల వ్యాధి కేసులు కనిపించడంతో డిసెంబరులో ఆ కార్యక్రమం నిలిచిపోయింది. స్వైన్ ఫ్లూ మహమ్మారి రాలేదు. వ్యాజ్యాలు మాత్రం వచ్చాయి.

1986 నాటి చట్టానికి తక్షణ కారణం కోరింత దగ్గు టీకా. 1982 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోని ఒక టెలివిజన్ కేంద్రం ప్రసారం చేసిన కార్యక్రమం, ట్రిపుల్ యాంటిజన్‌లోని కోరింత దగ్గు భాగం వల్ల పిల్లల మెదడు దెబ్బతింటున్నదని చెప్పింది. తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడ్డారు. దావాలు వెల్లువెత్తాయి. తయారీదార్లు ఒక్కొక్కరే రంగం నుంచి తప్పుకోవడం మొదలుపెట్టారు. 1984 చివరకు టీకా కొరత ఎంత తీవ్రమైందంటే, పెద్ద పిల్లలకు ఇచ్చే బూస్టర్ మోతాదులను వాయిదా వేయవలసిందని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ డాక్టర్లకు సలహా ఇచ్చింది. పిల్లల వైపు నుంచి తల్లిదండ్రులు, వ్యాపారం వైపు నుంచి కంపెనీలు, టీకాల సరఫరా వైపు నుంచి బాలల వైద్యులు, ముగ్గురూ వేర్వేరు కారణాలతో ఒకే చట్టాన్ని కోరారు. కాలిఫోర్నియా ప్రతినిధి హెన్రీ వాక్స్‌మన్ దానిని ముందుండి నడిపించాడు. పరిహార పద్ధతి మీద తనకున్న అభ్యంతరాలను దాచుకోకుండానే అధ్యక్షుడు రీగన్ 1986 నవంబరు 14న సంతకం చేశాడు.

చట్టం పుట్టుకకు కారణమైన ఆ మెదడు గాయం మాటేమిటి? 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, కోరింత దగ్గు టీకా వల్లనే మెదడు దెబ్బతిన్నదని భావించిన 14 మందిని పరీక్షించగా 11 మందిలో మూర్ఛకు దారితీసే ఒక జన్యులోపం బయటపడింది. ఏ గాయం కోసం చట్టం చేశారో ఆ గాయానికి టీకా కారణమన్న నమ్మకం కాలక్రమంలో బలహీనపడింది. ఎవరి ఊహలోనూ లేని భుజం గాయానికి మాత్రం శాస్త్రం బలమైన సాక్ష్యం చూపింది. చట్టాల చరిత్రలో ఇటువంటి తారుమారు అరుదేమీ కాదు గాని, ఇంత స్పష్టంగా కనిపించే సందర్భం నాకు మరొకటి తట్టదు.

చట్టం పనిచేసే తీరు

1988 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ ఏర్పాటులో కంపెనీ ప్రతివాది కాదు. టీకా వేసిన నర్సు కూడా కాదు. ప్రతివాది ఆరోగ్య, మానవ సేవల మంత్రి. ఆయన తరఫున న్యాయశాఖ న్యాయవాదులు వాదిస్తారు. అర్జీ వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిముల న్యాయస్థానంలో వేయాలి. జ్యూరీ ఉండదు. స్పెషల్ మాస్టర్లు అనే విచారణాధికారులు నిర్ణయిస్తారు. చట్టం ప్రకారం వారి సంఖ్య ఎనిమిదికి మించరాదు. డబ్బు ప్రభుత్వ సాధారణ ఖజానా నుంచి రాదు. ప్రతి టీకా మోతాదు మీద, అది నివారించే ఒక్కొక్క వ్యాధికి 75 సెంట్ల చొప్పున ఎక్సైజ్ సుంకం వసూలు చేసి ఒక నిధిలో జమ చేస్తారు. ఫ్లూ టీకాకు 75 సెంట్లు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిసిన టీకాకు 2 డాలర్ల 25 సెంట్లు. అంటే క్షేమంగా ఇంటికి వెళ్లిన ప్రతివారూ గాయపడినవారి కోసం కొంత చెల్లిస్తున్నారన్నమాట. ఇప్పటి వరకు ఈ కార్యక్రమం చెల్లించిన మొత్తం 500 కోట్ల డాలర్లు దాటింది.

చట్టానికి గుండెకాయ గాయాల పట్టిక. ఫలానా టీకా తరువాత ఫలానా గడువులో ఫలానా గాయం కనిపిస్తే, ఆ టీకాయే కారణమని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించే భారం ప్రభుత్వానిది. పట్టికలో లేని గాయమైతే భారం అర్జీదారుది. వైద్యపరమైన సిద్ధాంతం, కారణకార్యాల వరుస, తగిన కాలవ్యవధి మూడూ చూపాలని 2005లో అప్పీలు న్యాయస్థానం స్పష్టం చేసింది. పట్టికను మార్చే అధికారం మంత్రికి ఉంది. 1995లో మంత్రి ఆ అధికారంతోనే కోరింత దగ్గు టీకాకు సంబంధించిన మూర్ఛను పట్టిక నుంచి తీసివేశారు. కాబట్టి పట్టికలోకి ఎక్కడం, దిగడం రెండూ రాజకీయ నిర్ణయాలే. శాస్త్రం వాటికి ముడిసరుకు అందిస్తుంది.

మరో ఏర్పాటును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. న్యాయవాది ఫీజు అర్జీదారు జేబు నుంచి పోదు. అర్జీ ఓడిపోయినా, దానిని సదుద్దేశంతో, తగిన ఆధారంతో వేశారని తేలితే ఫీజును నిధి నుంచే చెల్లిస్తారు. చిన్న గాయాల కోసం కూడా న్యాయవాదులు దొరకడానికి ఇదే కారణం. నొప్పికీ బాధకూ ఇచ్చే పరిహారం మీద 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. 1986లో పెట్టిన ఆ అంకె ధరలు ఎంత పెరిగినా కదలలేదు.

భుజం పట్టికలోకి వచ్చిన తీరు

ఫ్లూ టీకా 2005 జూలై 1న ఈ చట్టం పరిధిలోకి వచ్చింది. 2009 నాటికి 50 రాష్ట్రాలలోనూ మందుల దుకాణాలలోని ఫార్మసిస్టులు టీకా వేసేందుకు అనుమతి లభించింది. 2010లో ఆరు నెలలు దాటిన ప్రతివారూ ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలన్న సిఫార్సు వచ్చింది. ఈ మూడింటినీ కలిపి చూడండి. కోట్ల మంది పెద్దవారు ప్రతి శరదృతువులో మందుల దుకాణంలో కుర్చీలో కూర్చుంటారు. టీకా వేసే వ్యక్తి నిలబడి ఉంటాడు. చొక్కా చెయ్యి పైకి మడవడానికి బదులు మెడ దగ్గర నుంచి బట్ట లాగి భుజం బయటపెడతారు. అలా బయటపడేది భుజం పైభాగమే. సూది కూడా అక్కడే దిగుతుంది. ప్రజారోగ్య విధానం విజయవంతంగా విస్తరించిన దారిలోనే ఈ గాయం కూడా విస్తరించింది.

అర్జీలు పెరిగాయి. 2017 మార్చిలో భుజం గాయం అధికారికంగా పట్టికకు ఎక్కింది. షరతులు నాలుగు. అంతకు ముందు ఆ భుజానికి నొప్పిగానీ వాపుగానీ ఉండకూడదు, టీకా వేసిన 48 గంటల లోపు నొప్పి మొదలవ్వాలి, నొప్పీ కదలిక తగ్గడమూ టీకా వేసిన ఆ ఒక్క భుజానికే పరిమితం కావాలి, నరాల వ్యాధి వంటి వేరే కారణం ఉండకూడదు. వీటికి తోడు చట్టంలోని సాధారణ నియమం ప్రకారం బాధ ఆరు నెలలకు మించి కొనసాగి ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేరి శస్త్రచికిత్స చేయించుకుని ఉండాలి. మొదటి లక్షణం కనిపించిన మూడేళ్లలోగా అర్జీ వేయాలి.

ఈ షరతులు కాగితం మీద తేలికగా కనిపిస్తాయి. ఆచరణలో ఎలా ఉంటాయో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. గుంటూరు నుంచి ఒక తల్లి డల్లాస్‌లో ఉన్న కూతురి దగ్గరకు ఆరు నెలలు ఉండడానికి వెళ్లిందనుకుందాం. అక్టోబరులో కూతురు ఆమెను మందుల దుకాణానికి తీసుకువెళ్లి ఫ్లూ టీకా వేయించింది. ఆ రాత్రే ఎడమ భుజం పట్టేసింది. "సూది నొప్పే కదమ్మా, రెండు రోజుల్లో తగ్గిపోతుందిలే" అంది కూతురు. తల్లి కూడా బిడ్డకు ఖర్చెందుకని ఊరుకుంది. అమెరికాలో డాక్టరుకు చూపించడమంటే మన వాళ్లకు ఎంత భయమో మీకు తెలిసిందే. కొబ్బరి నూనె మర్దన, వేడి కాపడం అయ్యాయి. మార్చిలో తిరిగివచ్చి గుంటూరులో ఎముకల డాక్టరుకు చూపించుకుంది. ఆయన చీటీ మీద "ఎడమ భుజం బిగుసుకుపోయింది, ఐదు నెలలుగా" అని రాశాడు. టీకా మాట రాయలేదు.

ఆమె అమెరికా పౌరురాలు కాదు. అది అడ్డంకి కాదు. టీకా అమెరికా గడ్డ మీద వేయించుకుంటే చాలు, చట్టం వర్తిస్తుంది. అడ్డంకి కాగితాలలో ఉంది. టీకా ఏ చేతికి వేశారో మందుల దుకాణం రికార్డులో ఉండాలి. కొన్నిసార్లు అది కుడి చెయ్యి అని పొరపాటున నమోదై ఉంటుంది. నొప్పి 48 గంటలలో మొదలైందని చెప్పే నాటి వైద్య రికార్డు లేదు. తరువాత రాసిన ప్రమాణపత్రాల కంటే సంఘటన జరిగిన కాలంలో రాసిన వైద్య రికార్డులకే స్పెషల్ మాస్టర్లు సాధారణంగా ఎక్కువ విలువ ఇస్తారు. "ఐదు నెలలుగా" అన్న డాక్టరు మాట తేదీని దాదాపుగా చూపుతుంది గాని, టీకాతో ముడిపెట్టదు. ఆ రాత్రి కూతురు అక్కకు ఫోనులో పంపిన సందేశం ఏదైనా ఉంటే అది చాలా విలువైన సాక్ష్యం అవుతుంది. ఆధారాల విమర్శ అన్న పాఠంలో సమకాలీన ఆధారం, పరవర్తి ఆధారం అని మీరు చదివిన భేదమే ఇక్కడ ఒక మనిషి పరిహారాన్ని నిర్ణయిస్తుంది. ఇక్కడ కాసేపు ఆగి, మీరే స్పెషల్ మాస్టరు అయితే ఈ అర్జీ మీద ఏమి తేలుస్తారో మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

హాని టీకాదా, సూదిదా?

2017 తరువాత మొత్తం అర్జీలు ఏడాదికి 1,000 దాటాయి. ఎనిమిది మందికి మించని విచారణాధికారుల ముందు ఫైళ్లు పేరుకుపోయాయి. 2020 జూలైలో ఆరోగ్య శాఖ భుజం గాయాన్ని పట్టిక నుంచి తీసివేయాలని ప్రతిపాదించింది. వాదన సారాంశం ఇది: చట్టం టీకా వల్ల కలిగిన గాయానికి ఉద్దేశించింది, సూది తప్పుగా గుచ్చడం టీకా దోషం కాదు, గుచ్చిన చేతి దోషం. అటువంటివారి మీద మామూలు కోర్టులలో దావా వేస్తే వారు జాగ్రత్త నేర్చుకుంటారు. పిల్లల కోసం పెట్టిన నిధి మిగులుతుంది.

ఈ వాదనలో బలం లేకపోలేదు. అయితే టీకానూ సూదినీ విడదీయడం వల్ల ఏమవుతుందో తెలుసుకోవడానికి మన ఉపఖండంలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి ప్లేగు టీకా వేశారు. ఆ గ్రామం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఒకే సీసా నుంచి టీకా అందుకున్న 19 మంది ధనుర్వాతంతో మరణించారు. టీకా తయారైంది బొంబాయిలోని ప్లేగు పరిశోధనశాలలో. దాని అధిపతి వాల్డెమార్ హాఫ్కిన్. టీకాను శుద్ధి చేసే పద్ధతిలో ఆయన చేసిన మార్పే కారణమని నింద మోపి, ఆయనను విధుల నుంచి తప్పించారు. సీసా తెరిచేటప్పుడు గ్రామంలో సహాయకుడి చేతిలోని పటకారు నేల మీద పడిందనీ, దానిని సరిగా శుద్ధి చేయకుండానే బిరడా తీశారనీ, కలుషితం అక్కడే జరిగిందనీ వాదన తరువాత బలపడింది. రోనాల్డ్ రాస్ వంటివారు లండన్ పత్రికలో హాఫ్కిన్ తరఫున రాశారు. 1907లో ఆయనకు నింద తొలగింది. ఐదేళ్ల పాటు నడిచిన ఆ వివాదమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: దోషం సీసాలోని మందుదా, సీసా తెరిచిన చేతిదా? చనిపోయిన 19 మందికి ఆ తేడాతో ఏమి సంబంధం?

తప్పెవరిదన్న ప్రశ్నను పక్కన పెట్టడానికే 1986 చట్టం వచ్చిందని 2020లో ప్రతిపాదనను వ్యతిరేకించినవారు గుర్తు చేశారు. ఆ చట్టం ప్రకారం టీకా వేసిన వ్యక్తి మీద 1,000 డాలర్లకు మించిన దావా కూడా మొదట ఈ కార్యక్రమానికే రావాలి. అంటే టీకా వేసే చేతిని కూడా చట్టం మొదటి నుంచీ తన గొడుగు కిందే ఉంచింది. భుజం గాయాన్ని బయటకు నెట్టితే ఆ గొడుగు పోతుంది. నర్సులు, ఫార్మసిస్టులు నేరుగా వ్యాజ్యాలకు గురవుతారు. చట్టం కింద ఏర్పడిన సలహా సంఘం ఈ ప్రతిపాదనను ఏకగ్రీవంగా వ్యతిరేకించింది. అయినా 2021 జనవరి 21న తుది నియమం ప్రచురితమైంది. అప్పటికి కొత్త అధ్యక్షుడు బాధ్యతలు చేపట్టి ఒక రోజే అయింది. కొత్త ప్రభుత్వం దాని అమలును వాయిదా వేసి, 2021 ఏప్రిల్‌లో అమలు తేదీకి ముందు రోజే రద్దు చేసింది. దేశమంతా ఫార్మసిస్టుల చేతుల మీదుగా కోవిడ్ టీకాలు వేయించుకుంటున్న రోజులవి. టీకా వేసేవారిని భయపెట్టే నియమానికి అంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు.

రెండు భుజాలు, రెండు దారులు

భుజం గాయం పట్టికలో నిలిచింది గాని, కోవిడ్ టీకాకు ఆ పట్టిక వర్తించలేదు. అమెరికాలో కోవిడ్ టీకాలు 2005 డిసెంబరులో వచ్చిన మరో అత్యవసర చట్టం కిందికి వెళ్లాయి. అక్కడ అర్జీకి గడువు ఏడాదే. కోర్టు లేదు, ఆరోగ్య శాఖ కార్యాలయమే నిర్ణయిస్తుంది. నొప్పికీ బాధకూ పరిహారం లేదు. న్యాయవాది ఫీజు చెల్లించరు. ఒకే రోజు ఒకే ఫార్మసిస్టు దగ్గర ఎడమ చేతికి ఫ్లూ టీకా, కుడి చేతికి కోవిడ్ టీకా వేయించుకున్న మనిషిని ఊహించండి. ఎడమ భుజం పట్టేస్తే అతడు న్యాయస్థానంలో ప్రభుత్వం మీద అర్జీదారు. కుడి భుజం పట్టేస్తే ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకున్నవాడు. కీలు ఒకటే, వాపు ఒకటే.

భారతదేశం ప్రపంచంలోనే అత్యధికంగా టీకాలు తయారుచేసే దేశాలలో ఒకటి. అందులో హైదరాబాదు వాటా పెద్దది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ దేశీయ హెపటైటిస్-బి టీకాను చవకగా అందుబాటులోకి తెచ్చిన నాటి నుంచి ఈ నగరం పేరు ఆ రంగంలో వినిపిస్తూనే ఉంది. మన దగ్గర ఔషధ ప్రయోగాలలో పాల్గొన్నవారికి హాని జరిగితే పరిహారం ఇచ్చే నిబంధనలు 2013లో వచ్చాయి. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన అధ్యయనం 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. బాలికల సమ్మతి తీసుకున్న తీరును పార్లమెంటరీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ప్రయోగాలలో పాల్గొనేవారి హక్కుల మీద దేశంలో చర్చ ముదిరిన కాలమది. అయితే 2013 నిబంధనలు ప్రయోగాలకే పరిమితం. ఆమోదం పొందిన టీకాను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేయించుకుని నష్టపోయినవారి కోసం అమెరికా తరహా నిధి ఏర్పడలేదు.

కోవిడ్ టీకా తరువాత మరణించిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం తన ప్రమాణపత్రంలో పరిహార బాధ్యత తనది కాదన్నది. బాధితులు సివిల్ కోర్టులనూ, వినియోగదారుల కమిషన్లనూ ఆశ్రయించవచ్చన్నది. ఇక్కడ 1995 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పును గుర్తు చేసుకోవాలి. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని చెప్పిన ఆ తీర్పే, అందరికీ ఉచితంగా అందించే వైద్య సేవ ఆ చట్టం కిందికి రాదని కూడా చెప్పింది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వేసే టీకా ఉచితం. అక్కడ ఉచితంగా టీకా వేయించుకుని భుజం బిగుసుకుపోయిన మనిషికి వినియోగదారుల కమిషన్ తలుపు అలా మూసుకుంటుంది. మిగిలేది సివిల్ దావా. అందులో అతడు కోర్టు ఫీజు కట్టి, న్యాయవాదిని తన ఖర్చుతోనే పెట్టుకుని, సూది వేసిన ఏ.ఎన్.ఎం. నిర్లక్ష్యాన్ని నిరూపించాలి.